ఇంగ్లీషు సాలు

మొన్న మా వీధి చివరి అంగట్లో అరకిలో శెనక్కాయ విత్తనాలు కొనుక్కొచ్చాను. వేరే జిల్లాల వాళ్లు పల్లీలు అంటారే, అవే. ప్లాస్టిక్ సంచి మూల కత్తెరతో కత్తిరించగానే ఎండిన ఎర్రమట్టి, గోనెపట్టా, కాస్త పచ్చినూనె కలిసిన వాసనొకటి వంటింట్లోకి వచ్చింది. ఊరిమిండి, అదే పచ్చడి, నూరుకుందామని వాటిని స్టీలు గిన్నెలో పోసి, పుచ్చులు ఏరడానికి చెయ్యి పెట్టబోయి, పెట్టకుండా ఒక్క క్షణం ఆగాను. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు ఇంగ్లీషు పాఠాలు చెప్పి ఈ మధ్యనే ఇంట్లో కూర్చున్నదాన్ని, నా ఇంట్లో నా గిన్నెలో చెయ్యి పెట్టడానికి నాకెవరి భయం? అయినా ప్రతిసారీ ఆగుతాను. ఎందుకో చెప్పాలంటే మా ఊరికి, మా అవ్వ దగ్గరికి, నేను ఆరో తరగతిలో నేర్చుకున్న ఒక ఇంగ్లీషు మాట దగ్గరికి పోవాలి.

మా ఊరు బెళుగుప్పకు పడమరగా నాలుగు మైళ్లు. చెట్టు తక్కువ, గుట్ట ఎక్కువ, ఆకాశం మరీ ఎక్కువ. ఎండాకాలం పోయి వానాకాలం వచ్చే ఆ నెలన్నర రోజులూ ఊరంతా మెడలు పైకెత్తుకునే నడిచేది. ఎవరైనా ఎదురుపడితే ముందు మబ్బు సంగతి అడిగి, ఆ తర్వాతే మనిషి సంగతి అడిగేవాళ్లు. ఉగాదికి చేసిన ఓళిగల తీపి నాలుక మీద నుంచి పోయి చాలా రోజులై ఉండేది, రాగి సంగటిలోకి కూరాకు కూడా దొరికేది కాదు, ఉప్పూ మిరపకాయా నూరి నంచుకునేవాళ్లం. మధ్యాహ్నం పూట బండల మీద కాలు పెడితే కాలేది. ఆడపిల్లలం నీడ ఉన్నంత మేరా జరుగుతూ జరుగుతూ అచ్చనగాయలు ఆడుకునేవాళ్లం, నీడ గోడలోకి ఇంకిపోయాక ఆట ఆపేవాళ్లం.

సరిగ్గా ఆ రోజుల్లోనే విత్తనం ఒలిచే పని వచ్చేది. కాస్త పొలమున్న వాళ్ల వసారాల్లో ఆడవాళ్లంతా వరసగా కూర్చుని, ముందు కుప్పగా పోసిన కాయల మీద నీళ్లు చిలకరించి, పొట్టు మెత్తబడ్డాక ఒక్కొక్క కాయనూ చిన్న రాయి మీద ముక్కు దగ్గర టక్కుమని కొట్టి విప్పేవాళ్లు. యాభై చేతులు ఒకేసారి టక్కు టక్కుమంటుంటే వీధిలో పోయేవాళ్లకు వాన పడుతోందేమో అనిపించేది, ఆ మాట అని నవ్వుకునేవాళ్లు కూడా. విత్తనానికి పనికొచ్చే గింజ వేరు, నూనెకు పోయే గింజ వేరు. లోపలి ఎర్రటి పొర చిట్లితే అది మొలవదు, సన్నగా ముడుచుకున్నది మొలవదు, ఒలిచి ఏడాది దాటినదీ మొలవదు. అందుకే ఒలవడం ఎంత పనో ఏరడం అంతకు మించిన పని, ఒలిచేటప్పుడే ఏరగలిగిన వాళ్లను వెతుక్కుని పిలిచేవాళ్లు.

మా అవ్వ, అంటే మా నాయనను కన్నతల్లి, ఆ పనిలో ఊరికి పెద్ద. తాత చిన్న వయసులోనే పోతే, ఉన్న ఎకరన్నర చేను వానను నమ్ముకున్నదైతే, అవ్వ ఆ వసారాల్లో కూర్చుని కాయలు ఒలిచి మా నాయనను పెంచింది. ఆమె కుడి బొటనవేలి గోరు పసుపుపచ్చగా, మేకు తలంత గట్టిగా, నడిమధ్య నిలువునా చీలిక పడి ఉండేది. ఆమె ఒలుస్తుంటే నేను చూసేదాన్ని. ముఖం వీధి వైపు ఉండేది, నోరు పక్కనున్న ఓబులక్కతో ఊరి సంగతులన్నీ మాట్లాడుతుండేది, చేతులు మాత్రం వాటి పాటికవి కొట్టి, విప్పి, మంచి గింజను ఒక పక్కకూ తాలు గింజను ఇంకో పక్కకూ విసిరేస్తుండేవి. ఆమె ఎప్పుడూ కిందకి చూసేది కాదు. ఆ చేతులు ఆమెవి కావేమో, ఎవరో వెనకనుంచి పెట్టి పనిచేయిస్తున్నారేమో అని నేను చిన్నప్పుడు నిజంగానే అనుమానపడి ఒకసారి ఆమె వెనక్కి పోయి చూశాను.

"ఏమ్మా, నీ యేళ్లకు కండ్లుండాయా?" అని ఓబులక్క ఎగతాళి చేసేది.

"ఉండాయి. నీ నోటికున్నంత పెద్దవి కాదులే," అనేది అవ్వ.

అంత నవ్వే మనిషి ఒక్క విషయంలో మాత్రం రాక్షసి. నేను ఆ కుప్పలో చెయ్యి పెట్టకూడదు. ఒక్క కాయ ఒలుద్దామని చెయ్యి చాపానో, కిందకు చూడని ఆ మనిషి చెయ్యి ఎక్కడినుంచో వచ్చి నా మణికట్టు వెనకాల ఫట్టుమని పడేది. నా ఈడు పిల్లలు వాళ్ల అమ్మల పక్కన కూర్చుని ఒలుస్తుండేవాళ్లు, మధ్యమధ్య నోట్లో వేసుకునేవాళ్లు. నాకు గింజలు కావాలంటే అవ్వే తీసి అరచేతిలో పెట్టేది, నేనుగా ముట్టుకుంటే మాత్రం దెబ్బే.

"తియ్ చెయ్యి! ఇది ఒకసారి యేళ్లకు పట్టిందంటే సచ్చేదాకా వదల్దు మే. పలక పట్టుకోపో," అనేది.

నాకు ఏడుపొచ్చేది. పని రానిదాన్నని చెప్పి నన్ను తోసేస్తోందనుకునేదాన్ని.

నేను నాలుగో తరగతికి వచ్చేసరికి అవ్వ కళ్లలో పొరలు కమ్ముకున్నాయి. ముందు ఒకటి, ఏడాది తిరక్కుండా రెండోది. మనుషులను గొంతును బట్టి గుర్తుపట్టడం మొదలుపెట్టింది. ఆ ఎండాకాలం విత్తనం ఒలవడానికి ఎవరూ ఆమెను పిలవలేదు. ఎవరిదీ తప్పని అనలేను. ఒక్క తాలు గింజ జారిపోతే చేనులో ఒక్క మొక్క పోతుంది, చూపులేని మనిషిని నమ్మి విత్తనం ఎవరిస్తారు? మా ఇంట్లో కూడా అమ్మ ఒక్కతే ఒలిచింది. అవ్వ మా వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని, దూరంగా వినిపించే ఆ టక్కు టక్కు వింటూ ఉండేది. అప్పుడు ఆమె ఒడిలో చేతులు కదులుతుండేవి. ఖాళీ వేళ్లు లేని కాయను పట్టుకుని, లేని రాయి మీద కొట్టి, లేని గింజను అటో ఇటో వేస్తుండేవి. చూసిన వాళ్లు ముసలామెకు మతి తప్పిందనేవాళ్లు. నాయన ఆ మాట విని ముఖం తిప్పుకునేవాడు.

అలాంటి రోజుల్లో నేను ఆరో తరగతిలో చేరాను. ఇంగ్లీషు ఆ ఏటినుంచే మొదలు. గుత్తి నుంచి కొత్తగా వచ్చిన అయ్యవారు, తెల్లచొక్కా, సన్నటి మనిషి, ఊళ్లోనే గది తీసుకుని ఉండేవాడు. మొదటి వారంలోనే ఒక మాటను నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాశాడు. హ్యాబిట్. "హ్యాబిట్ అంటే అలవాటు. మనం ఆలోచించకుండా చేసే పని. దీన్ని మంచికీ వాడొచ్చు, చెడ్డకూ వాడొచ్చు. మంచిదైతే గుడ్ హ్యాబిట్, చెడ్డదైతే బ్యాడ్ హ్యాబిట్," అని చెప్పి మా చేత ఇరవైసార్లు అనిపించాడు. పుస్తకంలో మంచి అలవాట్ల పట్టిక ఉండేది. పొద్దున్నే లేవాలి, పళ్లు తోముకోవాలి, రోజూ స్నానం చేయాలి.

"సార్, రోజూ పోసుకోవాలంటే నీళ్లు యాడుండాయి సార్?" అని ఒకమ్మాయి లేచి అడిగింది. నిజానికి మేమంతా వారానికొకసారి తలా ఒక చెంబుతో సరిపెట్టుకుంటున్న రోజులవి. అయ్యవారు కూడా అంతే అయి ఉంటాడు. ఆయన దగ్గి, "బుక్కులో ఉండాది కదా, చదువు," అన్నాడు.

ఆ పట్టికలో చివరిది నాకు భలే నచ్చింది. ఒకే రకం వస్తువులను ఒకే చోట పెట్టాలి, ఇల్లు చక్కగా ఉంచాలి. దీనికి నీళ్లు అక్కర్లేదు, దుడ్లు అక్కర్లేదు. ఇది నేను చేయగలను.

ఆ సాయంత్రం ఇంటికి పోయి అవ్వ పక్కన కూర్చుని గట్టిగా చదివాను. అవ్వ మెడ ఇటు తిప్పింది.

"ఏమ్మే ఆ మాట?"

"హ్యాబిట్ అవ్వా. అంటే అలవాటు."

"అలవాటుకు కూడా వాళ్లకొక మాట ఉండాదా?" అని ఆశ్చర్యపోయింది. "దొరలకు అలవాట్లేముంటాయి మే, అన్నీ చేసిపెట్టేవాళ్లుంటే?" అంది. తర్వాత నెమ్మదిగా ఆ మాటను నోట్లో వేసుకుని అటూ ఇటూ తిప్పింది. హ్యాబిట్టు. హ్యాబిట్టు. ఒడిలో వేళ్లు మాత్రం ఆగలేదు.

అయ్యవారు ఇంటిపని ఇచ్చాడు. మీ ఇంట్లో ఒకరి అలవాటు గురించి ఆ మాటను వాడి ఒక వాక్యం రాసుకుని రండి. పిల్లలంతా మా నాయనకు బీడీ తాగే అలవాటు, మా అమ్మకు పొద్దున్నే లేచే అలవాటు అని రాసుకొచ్చారు. నేను వచ్చీరాని ఇంగ్లీషులో మా అవ్వ వేళ్లకు ఒక అలవాటు ఉందని రాశాను. ఆయన ఎర్రపెన్సిలుతో చుట్టి, "వేళ్లకు అలవాట్లు ఉండవమ్మా, మనుషులకు ఉంటాయి. సరిచేసి సోమవారం చూపించు," అన్నాడు. పిల్లలు నవ్వారు. ఆ రోజు శనివారం, ఒంటిపూట బడి.

ఇంటికొచ్చేసరికి అమ్మా నాయనా చేనులో కంప ఏరడానికి పోయి ఉన్నారు. అవ్వ గోడకానుకుని కునుకు తీస్తోంది. వాక్యం తప్పయిన దిగులు పోగొట్టుకోవడానికి నేను మంచి అలవాటు ఒకటి మొదలుపెట్టాను. ఇల్లు ఊడ్చాను. చెంబులన్నీ ఒకచోట, చాటలన్నీ ఒకచోట పెట్టాను. లోపలి గదిలో ఒక పెద్ద గంపలో శెనక్కాయ విత్తనాలు ఉన్నాయి, మూలన చిన్న గంపలో కూడా శెనక్కాయ విత్తనాలే ఉన్నాయి. రెండూ ఎర్రగానే ఉన్నాయి, రెండూ అవే. ఒకే రకం వస్తువులు ఒకే చోట. చిన్న గంపను ఎత్తి పెద్ద గంపలో కుమ్మరించి, రెండు చేతులతో అడుగుదాకా కలియతిప్పి, పైన చదును చేసి, ఖాళీ గంపను బోర్లించి దాని మీద నా పుస్తకాలు పెట్టుకున్నాను. నాకు ఎంత గర్వంగా ఉండిందో చెప్పలేను.

పెద్ద గంపలోది అమ్మ ఇరవై రోజులు కూర్చుని ఒలిచి ఏరిన విత్తనం, మా ఎకరన్నరకూ ఉన్నదంతా అదే. చిన్న గంపలోది నిరుడు వాన రాక వేయకుండా మిగిలిపోయి, గానుగకు పంపాలని పెట్టిన చచ్చిన గింజ. ఈ తేడా ఊళ్లో అయిదేళ్ల పిల్లకు కూడా తెలుసు. అమ్మ పక్కన కూర్చుని ఒకటి ఒలిచి ఒకటి నోట్లో వేసుకున్న ఏ పిల్లకైనా తెలుసు. నాకే తెలియదు.

ఆ సాయంత్రమే వాన వచ్చింది. పడమటి గుట్టల మీద నుంచి ముందు దుమ్ము లేచింది, తర్వాత చల్లగాలి, ఆ తర్వాత మట్టివాసన, ఆ తర్వాత బండల మీద రూపాయి బిళ్లంతేసి చుక్కలు. ఊరు ఊరంతా వీధిలోకి వచ్చేసింది. ముసలివాళ్లు చేతులు చాపి నిలబడ్డారు, ఓబులక్క ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ చూరు కింద పెట్టి వాటి చప్పుడు వింటూ గెంతింది, మా నాయన తలపాగా తీసేసి వానలో నిలబడి నవ్వుతున్నాడు. ఆయన అలా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. అవ్వ చూరు నీళ్లను దోసిట్లో పట్టి ముఖానికి పూసుకుంది. ఆ గంటసేపు మా ఊళ్లో ఎవరికీ ఏ బాధా లేదు.

ఎర్రనేలలో పదును, అంటే విత్తడానికి తగినంత తడి, మూడు రోజులు నిలిస్తే గొప్ప. ఆ మూడు రోజుల్లో విత్తనం నేలలో పడాలి, ఆ తర్వాత ఆ ఏటికి లేనట్టే. మర్నాడు ఎండెక్కకముందే నాయన విత్తే గొర్రు సర్దుకుని విత్తనం గంప కోసం లోపలికి పోయాడు. కాసేపటికి ఆయన గొంతు వినిపించింది.

"మూలనుండే చిన్నగంప ఏమాయె?"

నేనే పరిగెత్తుకుంటూ పోయి, "నేనే నాయనా! రెండూ ఒకే చోట పెట్టినా. గుడ్ హ్యాబిట్," అన్నాను.

నాయన నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. గడప మీద కూలబడి, "అయిపాయె. ఈ ఏడు కూడా అయిపాయె," అన్నాడు. అమ్మ గంపను వసారాలోకి ఈడ్చుకొచ్చి రెండు చేతులతో తిప్పి చూసింది. రెండు చేతులతో కలియతిప్పాను కదా, చచ్చినవీ బతికినవీ అడుగుదాకా కలిసిపోయాయి. వెలుతురుకు పెట్టి చూస్తే అన్నీ ఎర్రగానే ఉన్నాయి. ఓబులక్క వచ్చి చూసింది. ముగ్గురూ కూర్చుని ఏరడం మొదలుపెట్టారు. ఏరిన దానిలోంచి ఒకటి తీసి నాయన కొరికి చూస్తే చేదు, ఇంకొకటి తీపి, ఇంకొకటి చేదు. ఏరినా ఒకటే, ఏరకున్నా ఒకటే. కొరికి చూస్తేగానీ తెలియదు, కొరికిన గింజ మొలవదు. ఊళ్లో ఎవరిని అడగాలన్నా ఎవరి విత్తనం వాళ్ల చేనుకే సరి. వీధిలో అందరి గొర్రులూ చేలకు పోతున్నాయి. అమ్మ, "తెలీక చేసిందిలే, బిడ్డనేమీ అనొద్దు," అని అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను గోడ మూలలో నిలబడి, భూమి చీలితే బాగుండు, అందులోకి పోయేదాన్ని కదా అనుకున్నాను.

"ఒరే, ఆ గంప నా ముందర పెట్టు," అంది అవ్వ.

"నీకు కండ్లు కనపడవు కదమ్మా," అన్నాడు నాయన విసుగ్గా.

"కండ్లు కనపడేవాళ్లు ముగ్గురు పొద్దున్నుంచి ఏం ఏరినారు? పెట్టు."

గంప ఆమె ముందుకు వచ్చింది. అవ్వ చేతులు కొంగుకు బాగా తుడుచుకుని, గింజల్లోకి మణికట్టు దాకా పెట్టి కాసేపు ఊరికే ఉంచింది. ఏడాదిగా ఖాళీగా కదిలిన వేళ్లు అప్పుడు ఆగిపోయాయి. తర్వాత మొదలుపెట్టింది. ఒక పిడికెడు తీసుకోవడం, వేళ్ల మధ్య నుంచి ఒక్కొక్కటీ జార్చడం, ఒకటి కుడికి, రెండు కుడికి, ఒకటి ఎడమకు. రెండు చేతులతోనూ ఒకేసారి. నాయన కుడి కుప్పలోంచి ఒకటి తీసి కొరికాడు. తీపి. ఎడమ కుప్పలోది కొరికాడు. చేదు. మళ్లీ తీశాడు, మళ్లీ కొరికాడు. పది కొరికాడు. పదీ ఆమె చెప్పినట్టే ఉన్నాయి. అప్పటికీ నమ్మకం చాలక ఎడమ కుప్పలోని ఒక గింజను చప్పుడు కాకుండా గంపలోకి, సరిగ్గా ఆమె చెయ్యి పడే చోటికి వేశాడు. అవ్వ వేళ్లు దాన్ని తాకాయి, మళ్లీ ఎడమకు విసిరాయి.

"ఇది అట్ల పక్కదే కదరా, మళ్లీ ఎందుకు పెడ్తావు? నన్నేమన్నా పరీచ్చ చేస్తాండావా?" అంది, ముఖం వీధి వైపు నుంచి తిప్పకుండానే.

మా నాయన రెండు చేతులూ జోడించాడు. ఆమెకు కనపడదని తెలిసి కూడా జోడించాడు. నా ఒళ్లంతా గగుర్పొడిచింది. గుడిలో హారతి వేళ కూడా నాకు అలా ఎప్పుడూ అనిపించలేదు.

"నీకెట్లా తెలుస్తాది అవ్వా?" అని ఏడుస్తూనే అడిగాను.

"సచ్చిన గింజకు చర్మం వదులుగా ఉంటాది మే. ముసలోళ్ల చర్మం మాదిరి. నాకు తెలీదా ఏమి?" అని నవ్వింది.

ఆదివారం చీకటి పడేదాకా, సోమవారం పొద్దు పొడిచింది మొదలు మళ్లీ చీకటి పడేదాకా, ఆమె ఆ చోటినుంచి కదిలింది చాలా తక్కువ. చేతికి తడి తగిలితే వేళ్లకు తెలియదని సంగటి ముద్ద కూడా తన చేత్తో తినలేదు, అమ్మే చిన్నపిల్లకు పెట్టినట్టు నోట్లో పెట్టింది. తినేటప్పుడూ చేతులు ఆగలేదు. ఓబులక్కతో తన పెళ్లి సంగతి చెప్పింది, ఎప్పటిదో గంజి కరువు సంగతి చెప్పింది, పీర్ల పండక్కి అగ్గిగుండం తొక్కిన తాత సంగతి చెప్పింది. ఆ మాటలు ఒక దారిన, ఆ వేళ్లు ఒక దారిన పోతుంటే ఊళ్లో ఆడవాళ్లు నీళ్లకు పోతూ పోతూ కడవలు దింపి నిలబడి చూశారు. మతి తప్పిందన్న నోళ్లే లెంపలేసుకున్నాయి. ఏరినంత మేరా సోమవారం పొద్దున నాయన చేనుకు మోసుకుపోయి విత్తుతూ ఉన్నాడు, మిగిలింది మంగళవారం మధ్యాహ్నానికి తేలింది.

నేను ఊరికే ఉండలేకపోయాను. చేసిన తప్పును కొంతైనా దిద్దుకోవాలని, సోమవారం నాడు ఎవరూ చూడకుండా గంపలోంచి ఒక గిన్నెడు గింజలు తీసుకుపోయి, పెరట్లో కూర్చుని కళ్లు గట్టిగా మూసుకుని అవ్వలాగే వేళ్లతో ఏరాను. నాకు తెలుస్తోందనే అనుకున్నాను. నేను ఏరిన గింజలను మంగళవారం అమ్మ విత్తనం సంచిలో పైన పోసేశాను. అమ్మకు చెప్పలేదు. అమ్మ గొర్రు వెంట నడుస్తూ, గొర్రు మీది కొయ్య గిన్నెలో పిడికిలితో విత్తనం జార్చుకుంటూ పోయింది.

పని అయిపోయాక అవ్వ వేళ్లు ముడుచుకోలేదు. వాచిపోయి, చాపినవి చాపినట్టే ఉండిపోయాయి. అమ్మ ఆముదం వెచ్చచేసి ఒక్కొక్క వేలికీ రాస్తుంటే అవ్వ నిద్రపోయింది. ఏడాదిలో మొదటిసారి ఆమె చేతులు ఒడిలో కదలకుండా ఉన్నాయి.

ఎనిమిదో రోజు నాయన నన్ను చెయ్యి పట్టుకుని చేనుకు తీసుకుపోయాడు. ఎర్రటి నేల మీద గీత గీసినట్టు సాలు పక్కన సాలు, ఆకుపచ్చటి మొలకలు మట్టిని తలతో తోసుకుని లేచి నిలబడ్డాయి. ఎంత దూరం చూసినా ఖాళీ లేదు. కళ్లులేని ఒక్క మనిషి రెండు చేతులే ఇంత చేను మొలిపించాయి. కానీ ఆ చివర, గట్టు పక్కన, ఒక్క సాలు మాత్రం బోసినోరులా ఉంది. ఇక్కడొక మొక్క, అక్కడొక మొక్క. నాయన ఆ సాలును, నన్ను మార్చి మార్చి చూశాడు. నేను ఏడుస్తూ గిన్నె సంగతి చెప్పేశాను. ఆయన పడీ పడీ నవ్వాడు. "ఇది ఇంగ్లీషు సాలు," అన్నాడు. ఆ పేరు నిలిచిపోయింది. ఆ ఏడు కాయ పీకేదాకా మా ఇంట్లో ఎవరూ దాన్ని ఇంకో పేరుతో పిలవలేదు.

విత్తనం పడుతున్న ఆ సోమవారం చూపించాల్సిన వాక్యం నేను చూపించలేదు, ఆ రెండు రోజులూ బడికే పోలేదు. బుధవారం అయ్యవారు అడిగితే జరిగిందంతా చెప్పాను. ఆయన నమ్మనట్టు చూశాడు. ఆ వచ్చిన ఆదివారం మా ఇంటికే వచ్చాడు.

"ఏమప్పా అయ్యవారూ, మా పాపకు ఆ మాట చెప్పింది నువ్వేనా?" అని అవ్వ అడిగితే పాపం ఆ సన్నటి మనిషి ఇంకా సన్నమైపోయాడు. అవ్వ కోప్పడలేదు, గింజలు తెప్పించుకుని ఆయన ముందే ఏరింది. ఆయన కూడా కళ్లు మూసుకుని ప్రయత్నించి ఓడిపోయాడు. పోయేముందు నా నోటు పుస్తకం అడిగి తీసుకుని, తాను చుట్టిన ఎర్ర గీతను చాలాసేపు చూసి, "వాక్యం తప్పే. కానీ దిద్దమని నేను చెప్పను," అని కింద సంతకం చేశాడు. ఇంగ్లీషు పంతులమ్మను కావాలని నాకు మొదటిసారి అనిపించింది ఆ సంతకం చూసే.

తర్వాతి ఏటినుంచి విత్తనం ఒలిచే రోజుల్లో ఊళ్లో ఎవరి గంప అయినా ముందు మా అవ్వ ముందుకు వచ్చేది. ఆమె చెయ్యి పెట్టి సరే అంటేనే చేనుకు పోయేది. ఆమె పక్కన కూర్చుని నేను పాఠం చదువుకునేదాన్ని, చెయ్యి చాపితే దెబ్బ మాత్రం అలాగే పడేది.

అవ్వ చివరి రోజుల్లో నేను అనంతపురంలో కాలేజీ చదువుతున్నాను. కబురు తెలిసి పోయేసరికి ఆమె ఎవరినీ గుర్తుపట్టడం లేదు. దుప్పటి అంచు మీద వేళ్లు మాత్రం కదులుతున్నాయి, లేని కాయను కొడుతూ, లేని గింజను ఏరుతూ. చూడలేక లోపలికి పోయి పిడికెడు విత్తనాలు తెచ్చి ఆమె ఎడమ అరచేతిలో పోశాను. వేళ్లు వాటిని తడుముకున్నాయి, ముఖంలో ఏదో శాంతి వచ్చింది. నేను ఆ చేతిలోంచి ఒక గింజ తీసుకుందామని వేళ్లు పెట్టాను. నా పేరు తెలియదు, నా గొంతు తెలియదు, అయినా ఆమె కుడి చెయ్యి లేచి వచ్చి నా మణికట్టు వెనకాల ఫట్టుమని కొట్టింది. మా అమ్మ ఏడుస్తూ నవ్వింది. నేను మాత్రం ఆ మంచం పక్కనే కూర్చుని, చిన్నప్పటినుంచీ తిన్న ఆ దెబ్బలన్నీ ఎందుకో అప్పుడు తెలుసుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. పని రానిదాన్నని తోసెయ్యలేదు ఆమె. ఆ పని నాకు రాకూడదనే, ఆ వసారాల్లో నా బతుకంతా అరిగిపోకూడదనే కొట్టింది.

ఇప్పుడు మా ఊళ్లో ఆ వసారాలు లేవు. రోడ్డు పక్కన మిషను పెట్టారు, కాయలు ఒక పక్క పోస్తే గింజలు ఇంకో పక్క పడతాయి. విత్తనం కుట్టిన సంచుల్లో వస్తుంది, శెనక్కాయ వేసే చేలే తగ్గిపోయాయి, చాలా చోట్ల నల్లటి పైపులు పరిచి పండ్లచెట్లు పెట్టారు. వీధి చివరి నుంచి వింటే వాన పడుతున్నట్టుండే ఆ చప్పుడు ఎలా ఉండేదో మా ఊరి పిల్లలకు నేను నోటితో చేసి చూపించినా నవ్వుతారు.

మొన్న ఆ స్టీలు గిన్నె ముందు పెట్టుకుని, కళ్లు మూసుకుని, వేళ్లతో పుచ్చులు ఏరి చూశాను. కళ్లు తెరిస్తే రెండు కుప్పల్లోనూ మంచివీ చెడ్డవీ కలిసే ఉన్నాయి. మళ్లీ ఇంగ్లీషు సాలే. అవ్వ కోరుకున్నది కోరుకున్నట్టే జరిగింది, నా వేళ్లకు ఆ అలవాటు పట్టలేదు. కానీ శెనక్కాయ విత్తనాలు కనపడితే వాటివైపు చాపిన నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది, మణికట్టు వెనకాల పడబోయే దెబ్బ కోసం. ఆ దెబ్బ పడదని తెలుసు. అయినా ఆగుతుంది.